తెగింది ఒక్క వైరు, మార్చింది స్విచ్చు, మోటారు: కారు కిటికీ అద్దంపై నా ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: ముందు ఎడమ తలుపు అద్దం ఎందుకు కదలడం లేదో పరీక్షించకుండానే సామాను మార్చి డబ్బు వసూలు చేయడం, పాత సామాను తిరిగి ఇవ్వకపోవడం, వారంటీ నిరాకరించడం గురించి.

అయ్యా,

నేను పర్లాకిమిడిలో బట్టల వ్యాపారం చేస్తాను. నాలుగేళ్ల క్రితం బరంపురంలోని మీ షోరూములో కారు కొన్నాను. అదనంగా డబ్బు కట్టి వారంటీని అయిదేళ్లకు పొడిగించుకున్నాను. మాకు బరంపురం కంటే శ్రీకాకుళం దగ్గర కాబట్టి మొదటి సర్వీసు నుంచీ బండిని అక్కడి మీ అధీకృత సర్వీస్ సెంటరుకే తీసుకువెళ్తున్నాను. ఒక్క సర్వీసు తప్పించలేదు. ఈ గొడవ వచ్చేదాకా బయట ఎవరి చేతా ఒక్క బోల్టు విప్పించలేదు. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానో లేఖ చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

జూలై రెండో వారంలో శ్రీకాకుళంలో మా అమ్మకు ఎడమ కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించి ఇంటికి బయలుదేరాం. కంట్లో చుక్క నీరు పడకూడదు, దుమ్ము తగలకూడదు అని డాక్టరు గారు ఒకటికి రెండు సార్లు చెప్పి పంపారు. దారిలో మొక్కజొన్న పొత్తులు కొనడానికి అద్దం దించాం. దిగిన అద్దం మళ్లీ పైకి రాలేదు. స్విచ్చు ఎంత నొక్కినా తలుపులోంచి చిన్న చప్పుడు కూడా లేదు. పాతపట్నం ఇంకా రాకముందే వాన పట్టుకుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను దెబ్బ తిన్న జిల్లా మాది, వానంటే ఏమిటో మాకు ఒకరు చెప్పక్కరలేదు. అమ్మను వెనక సీటులోకి మార్చాం. కాని బండి కదిలితే ముందు కిటికీలోంచి వచ్చే జల్లు నేరుగా వెనక్కే కొడుతుంది. కంటి మీద అతికించిన ప్లాస్టిక్ మూతను రెండు చేతులతో కప్పుకుని, తల నా భార్య ఒడిలో దాచుకుని కూర్చుంది డెబ్బై ఆరేళ్ల మనిషి. చివరికి ఒక పెట్రోలు బంకు పైకప్పు కింద బండి ఆపి, వాన తగ్గేదాకా గంటన్నర నిలబడ్డాం.

అక్కడే ఒక సంగతి గమనించాను. తడిసిన సీటు తుడుద్దామని ఎడమ తలుపు తెరిచి, ఎందుకైనా మంచిదని ఆ తలుపు స్విచ్చు నొక్కి చూశాను. అద్దం చక్కగా పైకి వచ్చింది. ఇంటికి చేరాక పదిసార్లు పరీక్షించాను. తలుపు పూర్తిగా తెరిచి నొక్కితే అద్దం కదులుతుంది. సగం తెరిచినా కదులుతుంది. మూసి నొక్కితే కదలదు. ఆ తలుపులోని స్పీకరు కూడా అంతే, తలుపు కదిపినప్పుడల్లా గరగరమని ఆగిపోయేది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మర్నాడే సర్వీస్ సెంటరుకు వెళ్లాను.

అయ్యా, నా ఫిర్యాదుకు మూలం ఇక్కడే ఉంది. నేను చదివి వినిపించిన కాగితాన్ని మీ సర్వీస్ అడ్వైజరు చేతిలోకి కూడా తీసుకోలేదు. జాబ్ కార్డులో ‘ఎడమ అద్దం పనిచేయడం లేదు’ అని మాత్రం రాసుకున్నారు. తలుపు తెరిస్తే పనిచేస్తోందన్న మాట, మూస్తే ఆగిపోతోందన్న మాట, స్పీకరు సంగతి, ఏదీ అందులో లేదు. ‘అవన్నీ మెకానిక్ చూసుకుంటాడండీ’ అన్నారు. మెకానిక్ చేతికి వెళ్లేది ఆ జాబ్ కార్డే కదా. రోగి చెప్పిన లక్షణాలు చీటీ మీదికి ఎక్కకపోతే లోపలి వైద్యుడికి అవి ఎలా తెలుస్తాయి?

ఆ రోజు స్విచ్చు పోయిందన్నారు. కొత్త స్విచ్చుకు 1,640 రూపాయలు, కూలి 450, మొత్తం 2,090 తీసుకున్నారు. బండి అప్పగించేటప్పుడు తలుపు తెరిచి ఉంచే అద్దం ఎక్కించి, దించి చూపించారు. తెరిచి ఉంటే అది అంతకుముందు కూడా పనిచేసేది. రెండో రోజు కాశీనగరం వెళ్లి వస్తుంటే మళ్లీ సగంలో ఆగిపోయింది. స్విచ్చు అరిగిపోయే వస్తువు కాబట్టి వారంటీ వర్తించదని కూడా అప్పుడే ఫోనులో చెప్పారు.

రెండోసారి వెళ్తే మోటారు, అద్దాన్ని పైకీ కిందికీ నడిపే రెగ్యులేటరు కలిపి మార్చాలన్నారు. సామానుకు 5,480, కూలి 1,100, మొత్తం 6,580 రూపాయలు. దీనికి వారంటీ అడిగితే ఇంకొక అడ్డంకి చెప్పారు. బండి ఒడిశా రిజిస్ట్రేషన్‌ది, ఓడీ-20 నంబరు, కొన్నది బరంపురంలో, కాబట్టి క్లెయిము అక్కడే పెట్టుకోవాలన్నారు. బరంపురానికి ఫోను చేస్తే, పని ఆంధ్రాలో జరిగింది కాబట్టి అక్కడే అడగాలన్నారు. మీ టోల్‌ఫ్రీ నంబరుకు చేస్తే పిన్‌కోడు అడిగి, అది 7తో మొదలవుతుంది కాబట్టి తెలుగు లైను ఇవ్వడం కుదరదన్నారు. సరిహద్దు దాటి పాతపట్నంలోకి అడుగు పెడితే పిన్‌కోడు 5తో మొదలవుతుంది, అక్కడి వారికి తెలుగు లైను వస్తుందట. పర్లాకిమిడిలో చాలా ఇళ్లలో తెలుగు వినబడుతుంది. మేము ఒడియా కూడా మాట్లాడతాం, దానితో మాకే ఇబ్బందీ లేదు. కాని కారు అమ్మేటప్పుడు మీ మనుషులు మా దుకాణానికే వచ్చి తెలుగులో గంటసేపు మాట్లాడారు. బాగుచేయవలసి వచ్చేసరికి మేము ఏ రాష్ట్రానికీ చెందనివాళ్లం అయిపోయాం. దేశమంతటా చెల్లుతుందని మీరే అచ్చువేసి ఇచ్చిన వారంటీ పుస్తకం నా దగ్గర ఉంది.

కొత్త మోటారు నాలుగు రోజులు పనిచేసింది. తరువాత మళ్లీ అదే కథ.

మూడోసారి వెళ్లినప్పుడు తలుపులోని వైరింగు మొత్తం, దానితో పాటు ఇంకేదో యూనిట్టు మార్చాలని 13,900 రూపాయలకు ఎస్టిమేటు చేతిలో పెట్టారు. సామాను రావడానికి పన్నెండు రోజులన్నారు. వైరింగులో ఏ వైరు పోయిందని అడిగాను. సమాధానం లేదు. పాత మోటారు చూపించమని అడిగాను. తుక్కులో వేసేశామన్నారు. నా డబ్బుతో కొత్త సామాను వేసినప్పుడు పాతది నాది కాదా? అది నిజంగా కాలిందో లేదో నేను ఇంకొకరి చేత చూపించుకునే దారి కూడా లేకుండా పోయింది.

అప్పుడు, నాలుగేళ్లలో మొదటిసారి, మా ఊరి బస్టాండు దగ్గర ఉండే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. నా కాగితం చదివి ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: ‘తలుపు మూస్తేనే ఆగుతోందా?’ అవునన్నాను. ఆయన తలుపు ప్యానెల్ జోలికి ముందు వెళ్లలేదు. తలుపుకూ బండి స్తంభానికీ మధ్య, కీళ్ల దగ్గర, మడతలు మడతలుగా ఒక నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపులోకి వెళ్లే వైర్లన్నీ అందులోంచే వెళ్తాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ ఆ వైర్లు వంగి లేస్తాయి. మాది వ్యాపారం బండి. గుణుపురం దాకా ఊరూరా ఆగుతుంది, ఆ తలుపు రోజుకు ఇరవై ముప్పై సార్లు తెరుచుకుంటుంది. ఒకేచోట పదేపదే వంచితే ఇనుప తీగ అయినా తెగుతుంది, రాగి తీగ ఎంత?

అయినా ఆయన ఊహ మీద పని మొదలుపెట్టలేదు. ప్యానెల్ విప్పి మోటారు ప్లగ్గు ఊడదీసి, దానికి హెడ్‌లైటు పాత బల్బు ఒకటి తగిలించారు. తలుపు తెరిచి స్విచ్చు నొక్కితే బల్బు భగ్గున వెలిగింది. తలుపును మెల్లగా మూస్తూ వచ్చేసరికి బల్బు ఎర్రబడి, మిణుకుమని, ఆరిపోయింది. మోటారు లేకుండానే లోపం బయటపడింది. కరెంటు మోటారు దాకా రావడం లేదు, అంతే. వోల్టులు కొలిచే మీటరు ఎందుకు పెట్టలేదని అడిగితే ఆయన చెప్పిన మాట మీ వర్క్‌షాపులో రాసిపెట్టుకోదగ్గది. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. కాని ఆ ఒక్క పోగు మోటారుకు కావలసిన కరెంటును మోయలేదు. బల్బు కరెంటును లాగుతుంది కాబట్టి బల్బు అబద్ధం చెప్పదు.

తరువాత గొట్టం వెనక్కి జరిపారు. లోపలి వైర్లలో ఒకటి పైకి బాగానే ఉంది, చేత్తో లాగితే మాత్రం సాగింది. పైతొడుగు కోసి చూపించారు. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి రెండు ముక్కలుగా ఉంది. తలుపు తెరిస్తే ఆ రెండు కొనలు తాకుతాయి, మూస్తే విడిపోతాయి. పక్కనే స్పీకరు వైరు తొడుగు కూడా పగిలింది. పాడైన భాగం కత్తిరించి, అదే మందం వైరు కొంచెం పొడవుగా వేసి, టంకం పెట్టి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగి, మళ్లీ రబ్బరు గొట్టంలోకి సర్దారు. ముప్పావు గంట పట్టింది. 350 రూపాయలు తీసుకున్నారు. అద్దం ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

గోటితో పోయేదానికి మీ వాళ్లు గొడ్డలి తెచ్చారు. ఆ గొడ్డలి ఖర్చు 8,670 రూపాయలు నేను కట్టాను, ఇంకో 13,900 కట్టబోయాను. మా బండిలాంటి మామూలు పవర్ విండో మోటారుకు వచ్చేవి రెండే వైర్లు. వాటిలో కరెంటు ఒక దిశలో వెళ్తే అద్దం ఎక్కుతుంది, దిశ తిరగేస్తే దిగుతుంది. ప్లగ్గు దగ్గర కరెంటు వచ్చి కూడా మోటారు తిరగకపోతే మోటారు పోయినట్టు. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ అద్దం కదలకపోతే రెగ్యులేటరు తీగో, అద్దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ముక్కో విరిగినట్టు. కరెంటే రాకపోతే ఫ్యూజు నుంచి ప్లగ్గు దాకా వెతకాలి. ఈ వరుస బస్టాండు దగ్గర మనిషికి తెలుసు. మీ సర్వీస్ సెంటరులో తెలియని వారు ఉంటారని నేను నమ్మను. తెలిసీ చేయలేదు, ఎందుకంటే పరీక్షకు బిల్లు లేదు, సామానుకు ఉంది.

ఇంకొకటి. ప్యానెల్ విప్పినప్పుడు లోపల తలుపుకు అతికించి ఉండవలసిన ప్లాస్టిక్ తెర నిలువునా చిరిగి ఉంది. రెండు చోట్ల మామూలు సెల్లో టేపు వేసి వదిలేశారు. అద్దం మీద పడిన వాన నీరు తలుపు లోపలికి దిగి అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోతుంది. ఆ నీరు బండిలోకి రాకుండా ఆపేది ఆ తెర. అది చిరిగింది కాబట్టే ఆగస్టు అంతా ఎడమ వైపు కాళ్ల దగ్గరి చాప తడిసి వాసన కొట్టింది. ప్యానెల్ క్లిప్పులలో నాలుగు లేనే లేవు. రాళ్ల రోడ్డు మీద తలుపు డబడబలాడుతోంది.

ఇంత జరిగాక, బయటి మనిషి చేత వైరింగు ముట్టించాను కాబట్టి ఆ తలుపుకు ఇక వారంటీ వర్తించదని మీ సెంటరు నుంచి సందేశం వచ్చింది. అది చదివాకే ఈ లేఖ రాయడానికి కూర్చున్నాను. మూడుసార్లు మీ గుమ్మం తొక్కి, రానూ పోనూ ప్రతిసారీ ఒక పూట దుకాణం మూసుకుని, మీ చేత కాని పనిని ఇంకొకరి చేత చేయించుకున్నందుకు నాకు శిక్ష వేస్తారా?

నేను అడుగుతున్నవి ఇవి. అక్కరలేకుండా మార్చిన స్విచ్చు, మోటారు, రెగ్యులేటరు, కూలి, అన్నీ కలిపి 8,670 రూపాయలు తిరిగి ఇవ్వండి. చిరిగిన తెర స్థానంలో కొత్తది అతికించి, క్లిప్పులు వేయించండి. ఆ తలుపు వారంటీని రాతపూర్వకంగా పునరుద్ధరించండి, అది శ్రీకాకుళంలోనూ బరంపురంలోనూ ఒకేలా చెల్లుతుందని రెండు సెంటర్లకూ తెలియజేయండి. వినియోగదారు చెప్పిన లక్షణాలను ఆయన మాటల్లోనే జాబ్ కార్డులో రాసి సంతకం తీసుకోవాలని, మార్చిన పాత సామాను చేతికి ఇవ్వాలని మీ సెంటర్లన్నిటికీ ఆదేశం ఇవ్వండి. ఈ చివరిది నా ఒక్కడి కోసం కాదు. నా వెనక వరుసలో నిలబడిన ఒక రైతుకో, టీచరమ్మకో ఆ 8,670 ఒక నెల ఇంటి ఖర్చు కావచ్చు.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేస్తాను. తరువాత జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. కాబట్టి ఒడిశానా, ఆంధ్రానా అన్న ప్రశ్న అక్కడ నన్ను తిప్పి పంపదు. కమిషను దాకా వెళ్లాలని నాకు కోరిక లేదు. మీ బండి మంచిది, ఇంజను గురించి నాకు ఒక్క ఫిర్యాదూ లేదు.

రెండు బిల్లులు, మూడు జాబ్ కార్డులు, 13,900 రూపాయల ఎస్టిమేటు, వారంటీ పుస్తకం, నేను మొదటి రోజు రాసుకున్న కాగితం, వీటి నకళ్లు జతచేశాను. తెగిన వైరు ముక్క నా దగ్గరే భద్రంగా ఉంది. మీ మనిషి వస్తే చూపిస్తాను, ఇవ్వను.

దసరా వెళ్లాక అమ్మకు రెండో కంటి ఆపరేషన్ ఉంది. ఆలోగా ఆ తెర అతికించే పనికి తేదీ చెప్పండి.

ఇట్లు,
మీ వినియోగదారు,
పర్లాకిమిడి