బడి పక్కనే బీడీ బంకు

అయ్యా,

అనంతపురంలో మా వీధి చివరి బడి గేటుకు ఇరవై అడుగుల్లోనే ఒక బంకు ఉంది. దాని స్తంభానికి వేలాడే కొబ్బరితాడు కొసన పొద్దంతా నిప్పు రగులుతూనే ఉంటుంది. యూనిఫాం విప్పకుండానే పిల్లలు అక్కడ సిగరెట్ అంటించుకుంటున్నారు. విద్యాసంస్థలకు వంద గజాల లోపు పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతోంది. బహిరంగ ప్రదేశంలో పొగతాగితే 200 రూపాయల వరకు జరిమానా. ఎవరైనా కట్టగా నేను చూడలేదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ప్రధాన కారణం పొగే. సిగరెట్ కంటే బీడీ నయమనేది వట్టి భ్రమ. నలభై ఏళ్లు బీడీలు కాల్చిన మా బావగారికి దగ్గులో రక్తం పడేదాకా అనుమానమే రాలేదు. మానేసిన పదేళ్లకు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. పిల్లలకైతే మొదలే లేకుండా చూడవచ్చు. నగరపాలక సిబ్బంది ఒకసారి టేపు తెచ్చి గేటు నుంచి కొలవాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం