మెగ్నీషియం సూది ముందే పడాలి

సంపాదకులకు నమస్కారం.

మెగ్నీషియం అనగానే ఈమధ్య అందరూ నిద్ర మాత్రల సంగతే మాట్లాడుతున్నారు. గర్భిణులకు ఫిట్స్ తెచ్చే గుర్రపువాతం మాట ఎవరూ ఎత్తరు. గర్భిణికి బీపీ పెరిగి, తల పగిలిపోతున్నట్టు నొప్పి, కళ్లకు మసకలు వచ్చాయంటే ఏ క్షణమైనా ఫిట్స్ రావచ్చు. అప్పుడు ఆదుకునేది చవకైన మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షనే. ఆ ముప్పును అది సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో ‘మాగ్‌పై’ (Magpie) అనే పరిశోధన తేల్చింది. పెద్దాసుపత్రికి పంపేముందు ఒక్కో పిరుదుకు 5 గ్రాముల చొప్పున తొలి మోతాదు ఏఎన్‌ఎం కూడా ఇవ్వొచ్చని కేంద్ర మార్గదర్శకాలున్నాయి. అయినా ‘మనకెందుకు, 108 ఎక్కించేద్దాం’ అనే ధోరణి పోలేదు. ఆ భయం ఊరికే రాలేదు లెండి. మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. మోకాలి దగ్గర తట్టి కాలు కదులుతోందో లేదో చూడటం, శ్వాస లెక్కపెట్టడం గట్టిగా నేర్పాలి. విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉండాలి. పీహెచ్‌సీల్లో ఈ రెండు మందుల నిల్వలను అధికారులు నెలనెలా తనిఖీ చేయాలి.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, కర్నూలు