ఆరోగ్య మంత్రి గారికి: స్టోమా మూసే తేదీకి ఒక గడి కావాలి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రెక్టమ్ (పురీషనాళం) క్యాన్సర్ ఆపరేషన్‌లో నా పొట్టకు కుడివైపు స్టోమా పెట్టారు, అంటే మలం బ్యాగ్‌లోకి పోయేలా పేగును పొట్ట బయటికి తీసిన దారి. ఆ బ్యాగ్‌తో పద్నాలుగు నెలలు ఉన్నాను. డిశ్చార్జి రోజు నాకు చెప్పింది మూడు నెలలు. అది కూడా నోటిమాటే. చేతికిచ్చిన కాగితంలో మందులు, డ్రెస్సింగ్, కుట్లు విప్పే తేదీ అన్నీ ఉన్నాయి. స్టోమా మూసే తేదీ మాత్రం లేదు. దాని గురించే ఈ ఉత్తరం.

పురీషనాళం కింది భాగంలో గడ్డ ఉంటే, ఆ భాగం తీసేసి పైనున్న పెద్దపేగును కిందికి తెచ్చి కలుపుతారు. ఆ అతుకు మానేదాకా మలం అటు పోకుండా, చిన్నపేగు మెలికను పొట్ట బయటికి తీసి దారి మళ్లిస్తారు. దాన్నే లూప్ ఇలియోస్టమీ అంటారు. ఊరికే పెట్టేది కాదు. 2007లో స్వీడన్ సర్జన్లు ప్రచురించిన ట్రయల్‌లో స్టోమా పెట్టినవాళ్లలో 10 శాతం మందికి అతుకు లీకైతే, పెట్టనివాళ్లలో 28 శాతం మందికి లీకైంది. కాబట్టి నాకు బ్యాగ్ పెట్టిన సర్జన్ గారి మీద కోపమేమీ లేదు.

నా గొడవంతా ఆ తర్వాతి సంగతితోనే. లీక్ లేకుంటే మామూలుగా 8 నుంచి 12 వారాలకు మూసేయవచ్చంటారు. ఇంకా ముందే మూసి చూసినవాళ్లూ ఉన్నారు. డెన్మార్క్, స్వీడన్‌లలో జరిగి 2017లో వెలువడిన ‘ఈజీ’ (EASY) అనే ట్రయల్‌లో 8 నుంచి 13 రోజులకే మూసినవాళ్లకు, 12 వారాలు దాటాక మూసినవాళ్లకన్నా ఏడాదిలో వచ్చిన కాంప్లికేషన్లు తక్కువ. కానీ అందులో అతుకు బాగుందని పరీక్షించి, ఏరి తీసుకున్నవాళ్లే ఉన్నారు. లిథువేనియాలో 30 రోజుల దగ్గర మూసి చూస్తే కాంప్లికేషన్లు పెరిగి, ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. అందుకే అందరికీ తొందరగా మూసేయమని నేను అడగడం లేదు. ఎవరికి ఎప్పుడు అన్నది డాక్టర్లే తేల్చాలి. తేల్చి, రాయాలి.

నాకు ఎవరూ తేల్చలేదు. ముందు కీమో అన్నారు, అది ఆరు నెలలు. కీమో మొదలుపెట్టక ముందే మూయాలా, మధ్యలో విరామం ఇచ్చి మూయాలా, అయ్యాక మూయాలా అని సర్జన్, కీమో డాక్టర్ కలిసి మాట్లాడుకున్నారా అంటే, లేదు. ఒకరిని అడిగితే రెండోవారిని అడగమన్నారు. (ఇప్పుడు కొందరికి కీమో మొత్తం ఆపరేషన్‌కు ముందే ఇస్తున్నారు. వాళ్లకు ఈ పీడ తక్కువ.)

ఆ మధ్యలోనే అసలు దెబ్బ తగిలింది. కీమో మూడో విడత తర్వాత బ్యాగ్‌లోకి రోజుకు రెండు లీటర్లకు పైగా నీళ్లలా వచ్చేది. రాత్రి రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి ఖాళీ చేసేవాణ్ణి. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతుంటే మంచినీళ్లు తాగాను. ఎంత తాగితే అంత బయటికి. ఇలియోస్టమీ ఉన్నవాళ్లకు ఒంట్లో ఉప్పు పోతుందని, వట్టి నీళ్లు దాన్ని ఇంకా లాగేస్తాయని, ఓఆర్‌ఎస్ లాంటిది తాగాలని నాకు తెలిసింది వార్డులో చేరాకే. అప్పటికి కిడ్నీల రిపోర్టు చెడింది. దాంతో తర్వాతి కీమో వాయిదా. కీమో వల్ల బ్యాగ్ మూయడం లేటు, బ్యాగ్ వల్ల కీమో లేటు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కీమో అయ్యాక అతుకు చూసే ఎనిమా ఎక్స్‌రే కోసం ఎదురుచూపు. రిపోర్టు బాగుందన్నారు. తేదీ ఇచ్చారు, రద్దు చేశారు. మళ్లీ ఇచ్చారు, మళ్లీ రద్దు. థియేటర్‌లోకి ఎమర్జెన్సీ వచ్చిందన్నారు, కొత్త క్యాన్సర్ కేసు వచ్చిందన్నారు. నేనూ ఒకప్పుడు ఆ కొత్త కేసునే కనుక కాదనలేకపోయాను. ప్రతి వాయిదాకూ న్యాయమైన కారణమే ఉంది. మొత్తం ఎన్ని రోజులైందో లెక్కపెట్టే మనిషి మాత్రం ఆ ఆసుపత్రిలో లేడు. చివరికి మూసినప్పుడు గంటన్నర పట్టింది.

మూశాక కథ అయిపోలేదు. ఇన్నాళ్లు పనిలేకుండా పడి ఉన్న కింది పేగు ఒక్కసారిగా పనిచేయదు. రోజుకు పదిహేనుసార్లు పరుగు, వచ్చేది గ్యాసో మలమో తెలియకపోవడం. దీనికి లార్స్ అని పేరు కూడా ఉంది. రేడియేషన్, అతుకు ఎంత కింద ఉందన్నది దీనికి పెద్ద కారణాలు. స్టోమా ఎక్కువకాలం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తోందని కూడా అధ్యయనాలు చెబుతున్నాయి. కటి కండరాల వ్యాయామం ముందే నేర్పి ఉంటే బాగుండేది.

నా ఒక్కడి గోడే అయితే మీకు రాసేవాణ్ణి కాదు. నెదర్లాండ్స్‌లో జరిగిన పెద్ద ట్రయల్‌లో, తాత్కాలికమని పెట్టిన స్టోమాల్లో దాదాపు ఐదో వంతు ఎన్నడూ మూయలేదు. క్యాన్సర్ తిరగబెట్టడం, అతుకు లీకవడం లాంటి వాటివల్ల కొందరికి మూయలేరు. ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. మూయగలిగినవాళ్లను మరిచిపోవడం మాత్రం వేరే విషయం.

మిమ్మల్ని అడిగేది కొత్త భవనమో మెషీనో కాదు. డిశ్చార్జి కాగితంలో స్టోమా మూసే వారం, దానికి బాధ్యుడైన డాక్టర్ పేరు రాయాలి. ఆ వారం దాటితే ఎందుకు దాటిందో, కొత్త తేదీ ఏమిటో రాయాలి. స్టోమా పెట్టిన రోజు నుంచి మూసిన రోజు దాకా ఎన్ని రోజులు పట్టిందో ప్రతి ఆసుపత్రీ మీ శాఖకు పంపాలి. రెండుసార్లు రద్దయిన పేషెంటును మూడోసారి కదపకూడదు. కీమో మొదలయ్యే ముందు ఇద్దరు డాక్టర్లూ ఒకసారి కూర్చోవాలి. స్టోమా నర్సు ఫోన్ నంబరు కూడా ఆ కాగితం మీదే ఉంటే, రెండు లీటర్ల రాత్రి నేను వట్టి నీళ్లు తాగి ఉండేవాణ్ణి కాదు.

నా డిశ్చార్జి కాగితం కాపీ జత చేస్తున్నాను. కుట్లు విప్పే తేదీ కింద రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంది. అక్కడ పెన్సిల్‌తో గీత గీశాను, చూడగలరు.

ఇట్లు,
ఒక పేషెంటు