ఐరావతం దగ్గు

ఒరేయ్ పానా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ముందు తిట్టుకో, తర్వాత చదువు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్లు పర్వాలేదు, చిన్నదానికి పరీక్షలు. అంతే. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

గడ్డి కోసే బండి ఉందిగా, సీటెక్కి నడిపేది, నువ్వు ఐరావతం అని పేరు పెట్టావే. మూడు వారాలు ఏడిపించిందిరా! సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది, పది నిమిషాలు బుద్ధిగా కోస్తుంది. తర్వాత రెండు ఎక్కిళ్లు, ఒక దగ్గు, ఆగిపోతుంది. పావుగంట పోయాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తుంది.

మొదట సీటు కింది స్విచ్ మీద అనుమానపడ్డా. మనం లేస్తే ఇంజన్ ఆపేసేది అదేగా. కానీ స్విచ్ పోతే ఠక్కున ఆగాలి, ఇదేమో ఆయాసపడి ఆగుతోంది. ఆ తేడా అప్పుడే పట్టుకోవాల్సింది. ఊహూఁ. కొత్త స్పార్క్ ప్లగ్ తెచ్చి, నిప్పురవ్వ దూకే గ్యాప్ 0.76 మిల్లీమీటర్లు చూసి మరీ బిగించా. ఇంజన్ కవర్ తీస్తే దాన్ని చల్లబరిచే లోహపు రెక్కల మధ్య ఎండుగడ్డి, పిచ్చుక కాపురం పెట్టొచ్చు. వేడెక్కి ఆగుతోందన్నమాట, దొంగ దొరికాడని సంబరపడుతూ మొత్తం శుభ్రం చేశా. పదకొండో నిమిషానికి మళ్లీ దగ్గు!

నెలల తరబడి నిలవున్న పెట్రోలు తీసేశా, వార్నిష్ వాసన కొడుతోంది. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చా (బాణం ఇంజన్ వైపు ఉండాలట. మొదట తిరగేసి పెట్టా, నవ్వకు). చివరికి పెట్రోల్లో గాలి కలిపే కార్బురేటర్ కూడా విప్పా. అవున్రా, నేనే. గిన్నె అడుగున జిగురు తప్ప ఏం దొరకలేదు. ఈసారి నట్టు మాత్రం మిగల్లేదు, ఆ సంగతి మీ బావకి తప్పకుండా చెప్పు.

మొన్న మళ్లీ ఆగింది. పెట్రోలుందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పా. ఉస్స్! సోడా కొట్టినట్టు బయటికి కాదురా, గాలి లోపలికి పోయింది. అలాగే నిలబడిపోయా. మూత పెట్టి తాళం తిప్పితే వెంటనే స్టార్టయింది.

మూతకి సూదిమొనంత కన్నం ఉంది, దాన్నిండా దుమ్మూ గడ్డి నుసీ. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ కన్నంలోంచి గాలి లోపలికి రావాలి. డబ్బాకి ఒకే కన్నం పెట్టి నూనె వంచితే ఆగి ఆగి పడుతుంది చూడు, అదే కథ. పావుగంట ఆగితే ఎక్కడి సందుల్లోంచో కాస్త గాలి చేరేది, అందుకే మళ్లీ బతికేది. మూత కొంచెం వదులు చేసి నడిపి చూశా, ఇరవై అయిదు నిమిషాలు ఒక్క దగ్గు లేదు. కొత్త మూత వేశాను.

సంతోషం కంటే నామోషీ ఎక్కువైంది. మూడు వారాలు పొట్ట కోసి చూశా, జబ్బేమో ముక్కు దిబ్బడ! నువ్వుంటే ముందు మూతే తిప్పేవాడివి. అప్పుడు ఆ స్కూటర్ విషయంలో కూడా... సరే, వదిలెయ్.

అన్నట్టు, నిన్నటి నుంచి సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఊరుకుంటోంది. బ్యాటరీ కొలిస్తే 12.6 వోల్టులుంది, అంటే నిండుగానే ఉన్నట్టు. టెర్మినల్ మీద పచ్చటి పొడి కనిపిస్తోంది, అదే అయ్యుంటుందని... ఉండు, పిలుస్తున్నారు. పోస్టు టైమ్ కూడా అయిపోతోంది, ఇలాగే వేసేస్తున్నా.

నీ
నట్టుగాడు