ఎనిమిదో నెల, కాళ్ల వాపులు: బుజ్జికి అమ్మ ఉత్తరం

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు పంపిన పాదాల ఫోటో మీ నాన్నకి చూపించలేదు, చూపిస్తే ఆయన అప్పటికప్పుడు హైదరాబాద్ బస్సు ఎక్కేస్తారు. ఫోన్లో చెబుదామంటే స్కూలు నుంచి వచ్చేసరికే నీకు ఓపిక ఉండదు, "సరే అమ్మా, సరే అమ్మా" అంటావు, తెల్లారేసరికి సగం గుర్తుండదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు, ఇందులో ఆయన చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

ముందు నీ టెన్షన్ తగ్గించుకో. ఎనిమిదో నెలలో సాయంత్రానికి కాళ్లకి నీరు దిగడం చాలామందికి ఉండేదే. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, దాంతో కలిపి మొత్తం ఆరు నుంచి ఎనిమిది లీటర్ల నీటిని శరీరం అదనంగా నిలవ పెట్టుకుంటుంది. బిడ్డకీ, ఉమ్మనీటికీ, రేపు కాన్పులో పోయే రక్తానికీ అదంతా కావాలి. ఇక గర్భసంచి పెరిగిన కొద్దీ దాని బరువు కాళ్ల నుంచి గుండెకి రక్తం తీసుకెళ్లే పెద్ద సిర మీద పడుతుంది, హార్మోన్ల వల్ల సిరల గోడలు కూడా కాస్త వదులవుతాయి. పైకి ఎక్కాల్సిన రక్తం కిందే ఆగుతుంది కదా, దాంట్లోని నీరు చీలమండల చుట్టూ చర్మం కిందకి ఊరుతుంది. ఆ పెద్ద సిర వెన్నెముకకి కుడివైపు ఉంటుంది, అందుకే డాక్టరమ్మ నిన్ను ఎడమపక్కకి తిరిగి పడుకోమన్నది. మోకాళ్ల మధ్య ఒక దిండు, వీపు వెనక ఒకటి పెట్టుకో, రాత్రి మెలకువ వచ్చినప్పుడు వెల్లకిలా ఉన్నావని గమనిస్తే కంగారు లేకుండా మళ్లీ పక్కకి తిరుగు, అంతే.

రెండు కాళ్లకీ సమానంగా ఉండి, పొద్దున్నకి తగ్గి, సాయంత్రానికి మళ్లీ వచ్చే వాపు అయితే చాలావరకు ఇదే.

నాకు అసలు కోపం వచ్చింది మాత్రం మీ స్కూలు మీద. పొద్దుట నుంచి వరసగా పీరియడ్లు, మధ్యలో పరీక్షల డ్యూటీ, అందులో మూడు గంటలు హాలంతా తిరుగుతూ ఉండాలి, క్లాసులో టీచర్‌కి కుర్చీ వేయరు, వేస్తే కూర్చుని పాఠం చెబుతారని! మార్చి ఎండల్లో ముప్పై మూడు వారాల గర్భిణిని అంతసేపు నిలబెడితే కాళ్లు వాచక ఏమవుతాయి? ఏ కషాయమూ, ఏ మాత్రా దీనికి పనిచేయదు, కుర్చీ పనిచేస్తుంది. నువ్వు మొహమాటపడుతున్నావని తెలుసు, "మిగతా టీచర్లు కూడా నిలబడే చేశారు కదమ్మా" అన్నావు. వాళ్లు పడ్డారని నువ్వూ పడాలని ఏమీ లేదు. ఇది నువ్వు వాళ్లని దయ చూపమని అడగడం కాదు. 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టం నాటి నుంచే ఈ మాట ఉంది: కాన్పు తేదీకి సుమారు పది వారాల ముందు నుంచి, గర్భిణి అడిగితే, ఆమె చేత కష్టమైన పని గానీ ఎక్కువసేపు నిలబడే పని గానీ చేయించకూడదు. "అడిగితే" అని ఉంది చూడు, అందుకే నోటితో చెప్పి ఊరుకోకు, కాగితం మీద రాసి ఇవ్వు, కాపీ మీద సంతకం తీసుకో. డాక్టరమ్మ చేత కూడా రెండు ముక్కలు రాయించుకో. 2017లో సెలవు కూడా 26 వారాలకి పెంచారు, తొలి రెండు కాన్పులకి. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకి ముందే వాడుకోవచ్చు. బిడ్డ పుట్టాక సెలవు మిగలాలని చివరి రోజు దాకా ఈడ్చుకోకు.

కుర్చీ ఇచ్చాక కూడా కాళ్లు వేలాడేసి గంటలు కూర్చోకు, ఎదురుగా ఒక చిన్న పీట వేసుకుని దాని మీద కాళ్లు పెట్టు. పిల్లలు లెక్క చేసుకుంటున్నంతసేపూ పాదాల్ని పైకీ కిందకీ ఆడిస్తూ ఉండు, గుండ్రంగా కూడా తిప్పు. పిక్క బిగిసి వదిలినప్పుడల్లా కిందున్న రక్తం పైకి తోసుకుపోతుంది. ఇంటికొచ్చాక బకెట్లో చల్లటి నీళ్లు పోసుకుని కాసేపు కాళ్లు పెట్టుకుంటే సుఖంగా ఉంటుంది. వాపు తగ్గించే బిగుతు మేజోళ్లు (కంప్రెషన్ స్టాకింగ్స్) అని మెడికల్ షాపులో ఉంటాయి, అవి కావాలంటే డాక్టరమ్మని అడిగి కొలత ప్రకారం కొనుక్కోండి, పొద్దున్న మంచం దిగకముందే తొడగాలి, వాపు వచ్చాక తొడిగితే ఇబ్బందే. ఈ ఎండల్లో నువ్వు భరించగలవో లేదో చూసుకో. చెప్పులు ఒక సైజు పెద్దవి కొనుక్కో, వెనక పట్టీ ఉన్నవి. ఈ నెలల్లో కీళ్లని పట్టి ఉంచే బంధనాలు వదులై పాదం కూడా కాస్త సాగుతుంది. బాత్రూం దగ్గర అరిగిపోయిన హవాయి చెప్పులు ఉన్నాయి కదా, వాటిని ఇవాళే పారేయమను.

ఫోటోలో మెట్టెలు చూసి నా ప్రాణం ఉసూరుమంది. వేలు మెట్టెకి పైనా కిందా ఉబ్బిపోయి, మధ్యలో వెండి కనపడీ కనపడకుండా కండలోకి దిగింది. కడుపుతో ఉన్నప్పుడు మెట్టెలు తీయకూడదని మీ అత్తగారు అన్నారన్నావు. ఆవిడ నీ మేలు కోరే అన్నారు, ఆవిడతో వాదన పెట్టుకోకు, వదినగారితో నేను మాట్లాడతాను. కానీ రేపు పొద్దున్నే, వాపు తగ్గి ఉన్నప్పుడే, ఆ వేలికి కొబ్బరినూనె బాగా రాసి, మెట్టెకి కింద ఉండే చీలిక దగ్గర రెండు కొసలూ పట్టుకుని మెల్లిగా విడదీయమని అల్లుడుగారికి చెప్పు. లాగొద్దు, తిప్పొద్దు. రాకపోతే కంసాలి దగ్గరకి వెళ్లండి, నిమిషంలో కత్తిరించి ఇస్తాడు. వేలు నల్లబడినా తిమ్మిరెక్కినా మాత్రం తెల్లారేదాకా ఆగకండి. తీసిన మెట్టెలు పూజగదిలో కుంకుమ భరిణ పక్కన పెట్టుకో, బిడ్డ పుట్టాక మళ్లీ పెట్టుకుందువు. పట్టీలు, చేతి ఉంగరాలు కూడా ఇప్పుడే తీసెయ్. పోయిన నెల శ్రీమంతానికి వేసిన గాజులు ఇంకా వదులుగానే ఉన్నాయా? అవి బిగుసుకుంటుంటే నాకు వెంటనే చెప్పాలి, ఎందుకో కింద రాస్తాను.

తిండి గురించి నీకు తలా ఒకటి చెబుతున్నారట. ఉప్పు పూర్తిగా మానేయమన్నవాళ్ల మాట వినకు, చప్పిడి కూడు తింటే నీకు అన్నమే సయించదు. రోజంతా కలిపి ఐదు గ్రాములకి, అంటే ఒక టీస్పూనుకి మించకుండా చూసుకో చాలు. కూరలో వేసే ఉప్పు కంటే అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, చిప్స్ దగ్గరే జాగ్రత్త. కొత్తావకాయ పెట్టాక నీకు పంపిస్తాను, ముద్దకి తగిలించుకుని తిను, కలుపుకుని కాదు. నీళ్లు తగ్గిస్తే వాపు తగ్గుతుందనేది ఉత్త మాట, ఈ ఎండల్లో నీళ్లు తగ్గిస్తే మూత్రంలో మంట మొదలవుతుంది. బార్లీ నీళ్లు తాగు, చలవ చేస్తాయి, కానీ వాపు అవే తీసేస్తాయని నమ్మకం పెట్టుకోకు. గలిజేరాకు కషాయం అని మీ పక్కింటావిడ చెప్పింది మాత్రం వద్దు, కడుపులో బిడ్డ ఉండగా ఆకుపసర్లతో ప్రయోగాలు చేయొద్దు. నీరు తీసే మాత్రలు ఎవరిచ్చినా నోట్లో వేసుకోకు. పోయినసారి నీ హిమోగ్లోబిన్ పదికి కాస్త పైన ఉంది, ఈ నెలల్లో 11 ఉండాలి. రక్తం బాగా తగ్గితే దానికీ వాపు వస్తుంది. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి మింగకు, టీతో అసలే వద్దు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఏఎన్ఎంగా, అంటే ఇల్లిల్లూ తిరిగే ప్రభుత్వ నర్సుగా, కోనసీమ లంక ఊళ్లు తిరిగినన్నాళ్లూ గర్భిణి ఎదురుపడితే నా చూపు ముందు మొహం మీదకి, తర్వాత చేతుల మీదకి పోయేది, కాళ్లు ఆఖరున. ఒక లంకలో తొలిచూలు పిల్ల, నీకంటే చిన్నది. ఇంట్లోవాళ్లు "నీరు పట్టింది, మామూలేగా" అని కూర్చోబెట్టారు. పొద్దున్న పూటే కళ్ల కింద ఉబ్బి ఉంది, గాజులు మణికట్టు మీద గీతలు పడేంత బిగిశాయి, తలనొప్పి అని దుప్పటి కప్పుకుంది. బీపీ చూస్తే 160 మీద 110. అప్పట్లో మూత్రం గాజు గొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద వేడి చేసి చూసేవాళ్లం, ఆ పిల్లది కాగగానే పైభాగం విరిగిన పాలలా తెల్లబడింది, అంటే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందన్నమాట. పడవ మీద గోదావరి దాటించి ఆసుపత్రికి చేర్చాం, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్ ఇచ్చారు, రెండు రోజుల్లో కాన్పు చేశారు. తల్లీ బిడ్డా దక్కారు. ఊళ్లలో గుర్రపువాతం అని భయపడేది ఆ ఫిట్స్‌నే. సకాలంలో బీపీ చూస్తే అంతదాకా చాలావరకు రాదు.

అందుకని కాళ్ల వాపు ఒక్కటీ చూసి ఏదీ తేల్చకు. వాపు విపరీతంగా ఉన్నా బీపీ మామూలుగా ఉండేవాళ్లున్నారు, వాపు అసలు లేకుండా బీపీ పెరిగేవాళ్లూ ఉన్నారు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడాగా మొహం, చేతులు ఉబ్బినా, తగ్గని తలనొప్పి వచ్చినా, కళ్ల ముందు మెరుపులు, మసక కనిపించినా, కుడి డొక్క కింద గానీ పొట్ట పైభాగంలో గానీ నొప్పి వచ్చినా, వాంతులు మొదలైనా, బిడ్డ కదలికలు తగ్గినా, అది అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. "పొద్దున్న చూద్దాం" అనొద్దు. ఇంట్లో బీపీ మిషన్ ఒకటి కొనండి, కాసేపు ఊరికే కూర్చున్నాక చూసుకో, 140 మీద 90 గానీ, రెండింట్లో ఏ ఒక్కటి దాటినా గానీ వెంటనే ఫోన్, ముందు డాక్టరమ్మకి, తర్వాత నాకు.

ఇంకొకటి, ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే అది వేరే సంగతి, సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు నూనె రాసి పిసకడం, మర్దన చేయడం అస్సలు కూడదు, తిన్నగా ఆసుపత్రే. దాంతోపాటు ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే 108కి చేయండి. మామూలు రోజుల్లో మాత్రం అల్లుడుగారు పాదం నుంచి మోకాలి వైపుగా మెత్తగా నిమిరితే హాయిగా ఉంటుంది, గట్టిగా నొక్కొద్దు.

పురిటికి నువ్వు ఇక్కడికే రావాలని మీ నాన్న గదికి సున్నం కూడా వేయించారు. బీపీ బాగుండి, డాక్టరమ్మ ప్రయాణానికి సరేనంటేనే రా, వద్దంటే నేనే అక్కడికి వస్తాను, ఆచారం గురించి ఎవరూ ఏమీ అనరు, అన్నా నేను చూసుకుంటాను. వచ్చేట్టయితే కారు వద్దు, గౌతమి ఎక్స్‌ప్రెస్ రైల్లో రండి, గర్భిణులకి లోయర్ బెర్త్ కోటా ఉంది. రిపోర్టులన్నీ చేతి సంచీలోనే ఉండాలి. కాన్పయ్యాక మొదటి కొద్ది రోజులు వాపు కాస్త పెరగొచ్చు కూడా, సెలైన్లు ఎక్కిస్తారు కదా, వారం పది రోజుల్లో మూత్రంలో పోతుంది. బీపీ మాత్రం కాన్పు తర్వాత ఆరు వారాల దాకా ఎప్పుడైనా పెరగొచ్చు, అప్పుడు కూడా చూసుకోవాలి. బాలింతకి నీళ్లివ్వకూడదని నా ఇంట్లో ఎవరూ అనరు, నీకు దాహమైనన్ని తాగుదువుగాని.

బుధవారం చెకప్‌కి వెళ్లినప్పుడు మూత్రంలో అల్బుమిన్ ఎంత ఉందో అడుగు, బీపీ పై అంకె, కింది అంకె రెండూ నాకు వాట్సాప్‌లో పెట్టు. "అంతా బాగానే ఉందన్నారు" అని కాదు, అంకెలు కావాలి. స్కూలుకి కాగితం ఆ లోపే ఇచ్చెయ్.

ఉంటాను,
అమ్మ