కొరమేను ఎందుకు చచ్చిందిరా

భీమవరం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఫోన్లో చెబితే మధ్యలో నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నా. నా విజిటింగ్ కార్డు మీద పబ్లిక్ రిలేషన్స్ మేనేజర్ అని ఉంటుంది గానీ, ఊళ్ళో ఎవరైనా అడిగితే అమ్మ "రొయ్యల కంపెనీలో పేపరోళ్ళతో మాట్లాడే పని" అంటుంది. అదే కరెక్టు.

పోయిన నెల సంగతి. కాలువలు కట్టేసిన రోజులు. డ్రెయిన్లో నీళ్ళు కదలకుండా పచ్చగా నిలబడిపోయాయి. మా ప్లాంటు గొట్టం కలిసే చోటికి కొంచెం దిగువన తెల్లారేసరికి చేపలు తేలాయి. ఎనిమిదింటికల్లా వాట్సాప్ గ్రూపుల నిండా వీడియోలు. తొమ్మిదింటికి ఎండీ గారి ఫోన్. "టెన్షన్ పడకండి. ఆక్సిజన్ పడిపోయిందని రాసి పదకొండుకల్లా నోట్ పంపేయండి."

పంపేశా. "వేసవి తీవ్రతకు నీటిలో ఆక్సిజన్ తగ్గడంతో చేపలు మృతి చెంది ఉంటాయని, ప్లాంటు నుంచి వెలువడే నీరు పూర్తిగా శుద్ధి చేసినదేనని కంపెనీ వర్గాలు తెలిపాయి." ఎంత నున్నగా ఉందో చూడు. తెల్లవారుజామున నీళ్ళలో కరిగున్న ఆక్సిజన్ పడిపోతే చెరువుకి చెరువే తేలిపోతుందని ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. రాత్రంతా నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పేదీ, కరెంటు పోతే రైతులు పరుగెత్తేదీ అందుకేగా. పచ్చి అబద్ధం రాసుంటే ఎవడో ఒకడు పట్టుకునేవాడు. నేను ఊరందరికీ తెలిసిన నిజాన్ని తెచ్చి అక్కడ అతికించా. శుద్ధి ప్లాంటు రిపోర్టు చూళ్ళేదు. చూపించమని అడగనూ లేదు.

మర్నాడు మూడు పేపర్లలో పొల్లు పోకుండా వచ్చింది. ఎండీ గారు "బాగా హ్యాండిల్ చేశారు" అన్నారు. సాయంత్రం మావయ్య ఫోన్ చేశారు.

"ఏరా, పేపర్లో అది రాసింది నువ్వేనా?"

"కంపెనీ తరఫున, మావయ్యా."

"మా కుర్రాడు గట్టు మీద నుంచి తెచ్చి చూపించాడు. పరిగెలు, జెల్లలు సరే. రెండు కొరమేనులు కూడా ఉన్నాయి. కొరమేను పైకొచ్చి గాలి పీల్చుకునే చేప కదరా. బజార్లో బేసిన్‌లో నాలుగు చెంబుల నీళ్ళు పోసి పెడితే సాయంత్రం దాకా కొట్టుకుంటానే ఉంటుంది. అది ఆక్సిజన్ లేక ఎందుకు చచ్చిందిరా?"

నోరు పెగల్లేదు. ఆయన కోప్పడినా బాగుండేది. "సర్లే, అన్నం తిన్నావా?" అని పెట్టేశారు.

ఆ రాత్రి నిద్ర పట్టక పాత నోట్సు తిరగేశా. మా వృత్తికి తాతలాంటివాడు అమెరికాలో ఐవీ లీ అని ఒకడున్నాడు. 1906లో పత్రికలకి ఒక ప్రకటన పంపాడు. మేం రహస్యంగా పని చెయ్యం, ఏ వార్త ఎవరి తరఫున పంపుతున్నామో అడిగితే చెబుతాం, నిజమో కాదో మీరే సరిచూసుకోడానికి సాయపడతాం అని. చదివితే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అదే లీ 1914లో కొలరాడోలో లడ్లో దగ్గర సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగి ఆడవాళ్ళూ పిల్లలూ చనిపోయాక, ఆ గనుల యజమానులైన రాక్‌ఫెల్లర్ల తరఫున కరపత్రాలు అచ్చేసి పంచాడు. వాటిలో తప్పులున్నాయి. యజమానులు ఇచ్చిన వివరాలు నిజమో కాదో తెలుసుకోడానికి నువ్వేం చేశావని విచారణ సంఘం అడిగితే, ఏమీ చెయ్యలేదని ఒప్పుకున్నాడు. బావా, అది చదివి లేచి మంచినీళ్ళు తాగొచ్చా. మధ్యలో నూరేళ్ళు పోయాయి గానీ, నేను చెప్పాల్సిన జవాబూ అదే.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో నీతి నియమావళి ఒప్పుకుంది. ఇప్పటికీ ఏటా ఆ తారీఖున పీఆర్ దినోత్సవం, శాలువాలు, గ్రూప్ ఫొటో. కానీ డాక్టరుకీ లాయరుకీ ఉన్నట్టు మాకు పట్టా లేదు, పోతుందన్న భయమూ లేదు. లండన్లో బెల్ పాటింజర్ అనే పెద్ద పీఆర్ సంస్థ దక్షిణాఫ్రికాలో గుప్తాలనే వ్యాపార కుటుంబం కోసం జాతుల మధ్య చిచ్చు పెట్టే ప్రచారం చేసిందని 2017లో వాళ్ళ సంఘమే ఐదేళ్ళు వెలేసింది. కొన్నాళ్ళకే దుకాణం కట్టేశారు. అలాంటిది అరుదు. నేను సొసైటీ మెంబరుని కూడా కాదు, నన్నెవరు వెలేస్తారు?

నువ్వు పేపరుకి స్ట్రింగర్‌గా, అదే ఊరి విలేకరిగా ఉన్న రోజులు గుర్తున్నాయా? ప్రెస్ మీట్ అయ్యాక నేను డబ్బుల కవర్లు పంచుతుంటే నీది వెనక్కిచ్చేసి, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా మాత్రం చంకలో పెట్టుకుపోయావు. (రెండు డబ్బాలు. నేను లెక్కెట్టా.) 2009 ఎన్నికలయ్యాక మీ యూనియన్ వాళ్ళు మన పశ్చిమ గోదావరిలోనే పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వార్తలా వేసే ప్రచారం) మీద సర్వే చేశారని నువ్వే చెప్పావు. తర్వాత ప్రెస్ కౌన్సిల్ కోసం ఇద్దరు సభ్యులు నివేదిక రాస్తే, పత్రికల పేర్లున్న ఆ పూర్తి నివేదికని కౌన్సిల్ ముందు తొక్కిపెట్టింది. సమాచార కమిషన్ గట్టిగా చెప్పాక 2011లో గానీ బయటికి రాలేదు. నాకు అర్థమైంది ఇదే బావా: అందరూ దాచేది పేర్లనే. "కంపెనీ వర్గాలు" అంటే ఎవరు? నేనే. నా పేరు అక్కడ ఉండి ఉంటే ఆ రిపోర్టు చూడకుండా పంపేవాణ్ణా?

అందుకని మొన్న కొత్త నోట్ రాశా. నీటి పరీక్ష ఏ తేదీన, ఎక్కడ, ఎవరు చేశారో రాసి, అడిగినవాళ్ళకి కాపీ ఇస్తామని, కింద నా పేరూ ఫోన్ నంబరూ పెట్టా. ఎండీ గారు పరీక్ష సంగతి ఎర్ర పెన్నుతో కొట్టేశారు. నా పేరు మాత్రం ఉంచారు, గట్టివాడే. అదింకా నా సొరుగులోనే ఉంది. ల్యాబ్ రిపోర్టు ఇస్తే గానీ పంపనని చెప్పా. బుధవారం మాట్లాడదాం అన్నారు. ఈఎమ్‌ఐలు గుర్తొస్తే మాత్రం కడుపులో తిప్పుతోంది.

మావయ్యకి ఇంకా ఫోన్ చెయ్యలేదు. వచ్చే ఆదివారం ఊరెళ్తున్నా, నువ్వూ రా. అత్తయ్య నీకోసం పులస అంటుందేమో, ఇది సీజన్ కాదు, ఆశ పెట్టుకోకు. నేనొక్కణ్ణే ఆయన ఎదురుగా కూర్చోలేను.

నీ
బావ