ఫ్లాపీల్లో చిక్కుకున్న తెలుగు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో టైప్‌రైటర్, ఫ్లాపీ, ఎస్టీడీ బూత్ ఫొటోలతో మీరు వేసిన పేజీ చూశాను. ముచ్చటగానే ఉంది. కానీ అది చదివితే ఆ వస్తువులన్నీ తమ పని ముగించుకుని మర్యాదగా సెలవు తీసుకున్నాయనిపిస్తుంది. హన్మకొండ చౌరస్తా దగ్గర చాలాకాలం డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చుకు పేజీలు కూర్చే) పని చేసినదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలి. అవి పోతూ పోతూ మన రాతను కూడా కొంత పట్టుకుపోయాయి.

టైపు లోయర్ పాసయ్యాక మొదట సైక్లోస్టైల్ యంత్రంలో నకళ్లు తీయడానికి స్టెన్సిళ్లు (మైనపు కాగితాలు) కొట్టాను. అక్షరం తప్పితే ఎర్రటి ద్రవం పూసి, ఆరేదాకా ఊదుకుంటూ కూర్చోవాలి. తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఆ గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు, పక్క గదిలో సైక్లోస్టైల్ సిరా గోడలకెక్కినా ఎవరికీ పట్టేది కాదు! పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, 'అను' అనే తెలుగు ఫాంట్లు వచ్చాక మా చేతికి తీరిక లేదు. పెళ్లి పత్రికలు, మేడారం జాతర కరపత్రాలు, కాకతీయ విశ్వవిద్యాలయం విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు, ఊరి కవుల పుస్తకాలు... అన్నీ బటర్ పేపర్ మీద ప్రింటు తీసి ప్రెస్సుకు పంపేవాళ్లం. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. కవితల పుస్తకం మొత్తం అందులో ఇమిడేది, రంగుల ముఖచిత్రం ఇమిడేది కాదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక పేరా పేరాకీ సేవ్ చేసేవాళ్లం. ఆ అలవాటు నాకింకా పోలేదు.

అసలు సమస్య ఇక్కడే ఉంది. ఆ ఫాంట్లలో మేం కొట్టిన 'క' కంప్యూటర్ దృష్టిలో 'క' కాదు. ఏదో ఇంగ్లిషు అక్షరం స్థానంలో తెలుగు బొమ్మను కూర్చోబెట్టేవారు. గుణింతం, ఒత్తు వేరువేరు ముక్కలు. అదే ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే తెలుగు మాయమై పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లో సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటూ వచ్చింది. అయినా అచ్చు పనిలో ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పాత ఫాంట్లే నడిచాయి. ఒత్తులు అందంగా కుదిరేది వాటిలోనే, నిజం చెప్పాలి కదా.

ఈమధ్య ఒకతను వాళ్ల నాన్నగారి కవితల ఫ్లాపీ పట్టుకుని వచ్చాడు. పుస్తకం ప్రతులు ఇంట్లో ఒక్కటీ మిగల్లేదట. నా దగ్గరున్న పాత డ్రైవులో పెడితే అదృష్టం కొద్దీ చదివింది. చాలా ఫ్లాపీలు బూజుపట్టి ఆ మాత్రం కూడా చదవవు. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిలో వేసి చూస్తే ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తారుమారయ్యాయి. పక్కన కూర్చుని తెలుగు తెలిసిన మనిషి ప్రూఫు చూడాల్సిందే.

హన్మకొండలో 1904 నాటి శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయం ఉంది, పక్కనే విశ్వవిద్యాలయం తెలుగు శాఖ ఉంది. ఒక ఫ్లాపీ డ్రైవు, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్న పాత కంప్యూటర్ ఒకటి గ్రంథాలయంలో పెట్టి, ప్రూఫులు చూసే పని ఎం.ఏ. విద్యార్థులకు అప్పగించవచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు. ప్రెస్సుల అటకల మీద, రచయితల పెట్టెల్లో ఉన్న ఫ్లాపీలు, సీడీలు తెచ్చివ్వమని మీ జిల్లా పేజీలో ఒక ప్రకటన వేస్తే చాలు. ఫైళ్లు తెరవడం, ఫాంటు గుర్తుపట్టడం పిల్లలకు నేర్పడానికి నేను వస్తాను, మధ్యాహ్నం పూట అయితే మరీ మంచిది.

– ఒక మాజీ డీటీపీ ఆపరేటర్, హన్మకొండ